ఆరు గంటల సున్నా

మైనస్ ముప్ఫై ఏడు.

ఆ అంకె తెర మీద పడినప్పుడు మధ్యాహ్నం మూడున్నర అయింది. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళాను, సముద్రాన్ని చూశాను, తిరిగొచ్చి కూర్చున్నాను. అంకె ఎక్కడికీ పోలేదు. మళ్ళీ కొట్టాను. మైనస్ ముప్ఫై ఎనిమిది. నాకు చిరాకు వస్తే కాళ్ళు ఒకచోట నిలవవు. ఆ గదిలో నడవడానికి పదడుగుల జాగా ఉంటే అందులోనే ఇరవైసార్లు అటూ ఇటూ తిరిగాను.

మా కొండ మీది పరిశోధనశాలలో కొట్టడం అంటే లేజరు కొట్టడం. సెకనుని లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్ళీ పాతిక ముక్కలు చేస్తే ఎంత కాలమో, మా లేజరు మెరుపు అంతసేపే ఉంటుంది. అంత చిన్న క్షణంలోకి అంత బలం కూరితే గాలి తట్టుకోలేదు. గాలిలోని నత్రజని రేగిపోతుంది. ఆ రేగిన చోట గాలే లేజరైపోయి, కొంత వెలుగుని వచ్చిన దారినే మా వైపు విసురుతుంది. అవతల అద్దం అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. తిరిగొచ్చే దారిలో ఏ విషవాయువు తగిలినా అది తన రంగు కాస్త మింగేస్తుంది. ఏ రంగు ఎంత తగ్గిందో చూసి, ఆరు కిలోమీటర్ల దూరాన గాలిలో ఏముందో మేం కొండ దిగకుండా చెప్పేస్తాం. మిగతా ప్రపంచం గదిలో నాలుగు మీటర్ల దూరం చేసి చప్పట్లు కొట్టుకుంటున్న పనిని మా చయనులు గారు ఆకాశంలో చేసి చూపించారు.

ఇప్పుడు నేను కొట్టింది సముద్రం మీదికి. కొత్త కంప్యూటరు ఎలా పనిచేస్తోందో చూద్దామని, ఏ ఉద్దేశమూ లేకుండా కొట్టాను. తెర మీది అంకె బెంజీన్ ది. వంద కోట్ల పాళ్ళ గాలిలో బెంజీన్ ఎన్ని పాళ్ళు ఉందో చెప్పే అంకె అది. సున్నా అంటే అసలు లేదు. మరి మైనస్ ముప్ఫై ఏడు అంటే ఏమిటి? ఖాళీ బిందెలోంచి ఇంకో రెండు చెంబులు ముంచినట్టుంది.

పాత కంప్యూటర్లో ఇలాంటిది ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదో నాకు నెమ్మదిగా గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట, యంత్రం మొదలుపెట్టిన వారంలో మైనస్ ఒకటి, మైనస్ రెండు అని వచ్చేవి. కొలతలో అలాంటి ఒణుకు మామూలే. టౌన్లో బీచి రోడ్డు మీద పెట్టిన పెద్ద బోర్డు మీద మైనస్ కనిపిస్తే జనం నవ్వుతారని, ప్రోగ్రాంలో నేనే ఒక వాక్యం రాశాను. సున్నా కంటే తక్కువ ఏది వచ్చినా సున్నా అని చూపించు. అంతే. గత వారం పాత కంప్యూటరు చచ్చిపోయి, ప్రోగ్రాం కొత్తదానిలోకి మార్చినప్పుడు ఆ ఒక్క వాక్యం రాలేదు. కొత్తదాన్ని ఇంకా బోర్డుకి కలపలేదు.

"ఏవిటమ్మా రత్నం, కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" అంటూ చయనులు గారు లోపలికి వచ్చారు.

ఆయన మా పరిశోధనశాలకి పెద్ద. అరవై మూడేళ్ళు. లేజరు తాళంచెవి ఆయన జంధ్యానికి కట్టి ఉంటుంది. పొద్దున్నే చొక్కా లోపలికి చెయ్యి పెట్టి ఆ తాళంచెవి పైకి లాగి, యంత్రానికి నమస్కారం పెడుతున్నట్టు వంగి తాళం తీస్తేగానీ మాకు పని మొదలవదు. పోగొట్టుకోకూడని వస్తువు పోగొట్టుకోలేని చోట ఉండాలంటారాయన. మంచి మనిషి. ఆయన మీద నాకు కోపం వచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

తెర చూపించాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశారు.

"పాతదాన్లో ఇలా వచ్చేది కాదే?"

"పాతదాన్లో నేను మూత పెట్టాను సార్. మైనస్ వస్తే సున్నా చూపించమని."

"అయితే మళ్ళీ మూత పెట్టెయ్. రేపు పదింటికి సభ పెట్టుకుని ఇప్పుడీ గొడవేవిటమ్మా?"

సభంటే ప్రజాభిప్రాయ సభ. కొండకి పడమర పక్కనున్న రసాయనాల ఫ్యాక్టరీ రెండో యూనిట్ కట్టుకుంటానంటోంది. కలెక్టరు గారొస్తారు. రెండేళ్ళుగా ఈ చుట్టుపక్కల గాలిలో బెంజీన్ లేదని మా గాలి అంకెల కాగితం చదవాలి. చదివేది చయనులు గారు. కింద సంతకం నాది. మా యంత్రం వచ్చాక ఊళ్ళలో ఉన్న పాత మీటర్లన్నీ పీకేశారు గనక, చదవడానికి వేరే కాగితం కూడా లేదు.

"సార్, యంత్రంలో తప్పు లేదు. మూడుసార్లు చూశాను. సముద్రం మీది గాలీ మంచిదే. అయితే మరి సున్నాలోనే తప్పుండాలి."

ఆయన కళ్ళజోడు కిందికి దించుకుని, "సభ అవనీ. తీరిగ్గా చూద్దాం," అని టీ కోసం వెళ్ళిపోయారు.

సున్నాలో తప్పు. ఆ మాట నా నోటితోనే అన్నాను. ఆ సున్నా నాది.

మా యంత్రానికి రోజూ పొద్దున్న ఆరింటికి సున్నా పట్టాలి. అంటే ఎక్కడో ఒకచోట శుభ్రమైన గాలిని కొట్టి, ఇదిగో ఇది సున్నా, మిగతావన్నీ దీంతో పోల్చి చెప్పు అని యంత్రానికి నేర్పాలి. ఆ శుభ్రమైన చోటు ఎక్కడ అని మొదట్లో చర్చ వచ్చింది. ఒకరు రిజర్వు అడవి అన్నారు, ఒకరు జలాశయం అన్నారు. నేను గెడ్డపాలెం అన్నాను. గెడ్డపాలెం మా ఊరు. సముద్రపు ఒడ్డున, గెడ్డ పక్కన, అంటే వాగు పక్కన, వంద గడపల పల్లె. మా పాలెం గాలి కంటే మంచి గాలి ఈ జిల్లాలో ఎక్కడుందో చూపించండి అని అందరి ముందూ సవాలు చేశాను. నవ్వారు, ఒప్పుకున్నారు. చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టి డాక్టరేటు తెచ్చుకున్న మొదటిదాన్ని, ఆమాత్రం గర్వం నాకు ఉండకూడదా అనుకున్నాను.

ఇంకో కారణం ఎవరికీ చెప్పలేదు. లేజరుతోపాటు గురి చూసుకునే దుర్భిణి ఒకటుంది. అందులోంచి మా అప్ప డాబా మీది నీలం డ్రమ్ము స్పష్టంగా కనిపిస్తుంది. ఆ డ్రమ్ముని గుర్తుగా పెట్టుకుని, ఇళ్ళ కప్పులకి చాలా ఎత్తున గాలిని కొడతాం. అప్ప అంటే మా అక్క దానమ్మ, నాకంటే పదకొండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది. మా బావ వేటకి పోతే, ఆమె డాబా మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టి సంతకి పట్టుకెళ్తుంది. ఆరింటికి నేను దుర్భిణిలో చూస్తానని చెప్పిన మర్నాటి నుంచి ఆమె సరిగ్గా ఆరింటికి డాబా ఎక్కి, కొండవైపు తిరిగి చెయ్యెత్తేది. వాన రోజుల్లో గోనెసంచీ నెత్తినేసుకుని ఎత్తేది. నేను కనపడనని తెలిసీ నవ్వేది. ఆ చెయ్యి చూస్తూ సున్నా పట్టడం నాకు దండం పెట్టుకోవడం లాంటిదైపోయింది.

బస్సు కోసం ఆగలేక ఆటో ఎక్కాను. దారి పొడుగునా కాలు ఆడిస్తూనే ఉన్నాను. ఆటో అతను అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

అప్ప వాకిట్లో కూర్చుని ఎండు నెత్తళ్ళు ఏరుతోంది. నన్ను చూసి గంప పక్కకి జరిపింది.

"ఓలె, ఈ ఏలప్పుడొచ్చీనావేటి? సెలవా?"

"నేదప్పా. ఊరికే."

"ఊరికే వొచ్చీదానివి కాదు నువ్వు. కూకో. నాలుగు నెత్తళ్ళు ఏపుతాను."

పొయ్యి మీద పెనం పెట్టడానికి చెయ్యి చాపినప్పుడు మోచేతి కింద నల్లటి మచ్చలు కనిపించాయి. అరచెయ్యంత ఒకటి, దాని పక్కన చిన్నవి రెండు.

"అదేటప్పా చేతి మీద?"

"గంప తగిలింది."

"రెండో చేతికి కూడానా?"

"రెండు చేతుల్తోనే గదేటి గంపెత్తుతాను? ఒంటిచేత్తో ఎత్తుతారేటి ఎవరైనా?"

మామూలుగా అయితే నవ్వేదాన్ని. ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పాను. చిన్న దెబ్బకి పుట్టే మచ్చలు కావవి. అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి నెత్తురొస్తోందట, అందుకని వేపపుల్ల మానేసిందట. సంతకి నడిచి వెళ్ళేది కాస్తా ఆటోలో వెళ్తోందట. వయసు మీద పడిందని అనుకుంటోంది. ఆమెకి నలభై తొమ్మిది.

"అప్పా, ఇక్కడేదైనా వోసనొస్తాదా?"

"సేపలోసన."

"అది కాదప్పా."

ఆమె అట్లకాడ పెనానికి కొట్టి నా వైపు తిరిగింది. "మొన్న ఏసంకాలం మీటింగులో నువ్వే గదేటి సెప్పినావు, గాలి మంచిదని? మళ్ళీ నన్నడుగుతావేటి?"

చెప్పాను. నిజమే. తలనొప్పులని, కళ్ళు తిరుగుతున్నాయని పాలెం ఆడవాళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుంటే, నచ్చచెప్పడానికి నన్ను పంపారు. మా యాసలోనే మాట్లాడాను. గీతల బొమ్మలు చూపించాను. సున్నా, సున్నా, సున్నా. మన గుంట, మన పిల్ల అబద్ధం చెప్తుందా అని జనం లేచిపోయారు. లేవనివాళ్ళ మీద అరిచి లేపింది మా అప్పే.

"ఇప్పుడు అడుగుతున్నాను గదప్పా. సెప్పు."

ఆమె నెత్తళ్ళు తిరగేసింది. "పొద్దున్న కొండగాలికి వొత్తాది. తియ్యగుంటాది, పెట్రోలు బంకులో ఉన్నట్టు. ఎండెక్కి సముద్రంగాలి తిరిగితే ఉండదు. కింద అంత తెల్దు గానీ డాబా మీద నిలబడితే తల తిరిగిపోద్ది. అంత పొద్దున్నే ఎక్కీదాన్ని కాదు నాను. నువ్వు సూత్తావని ఎక్కుతాను."

పెనం మీద నెత్తళ్ళు చిటపటలాడుతున్నాయి. నాకు ఇంకేమీ వినపడలేదు.

కొండగాలి. నేను పుట్టినప్పటి నుంచి వింటున్న మాట. తెల్లవారుజామున గాలి కొండల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. ఆ గాలికే మా అయ్య తెప్ప తోసేవాడు. ఎండెక్కాక గాలి మళ్ళి సముద్రం నుంచి ఒడ్డుకి తిరుగుతుంది, ఆ గాలికే తిరిగొచ్చేవాడు. పాలెంలో ముక్కు కారే పిల్లకి కూడా తెలిసిన సంగతి. ఫ్యాక్టరీకీ సముద్రానికీ మధ్యన ఉన్నది గెడ్డపాలెం. రాత్రంతా అక్కడ వదిలిందంతా ఆ కొండగాలి మోసుకొచ్చి సరిగ్గా ఆరింటికి మా అప్ప డాబా మీద పోస్తోంది. సరిగ్గా అప్పుడే, ఆ గాలినే కొట్టి, ఇది సున్నా అని యంత్రానికి నేర్పాను. ఇక పగలంతా ఎక్కడ కొట్టినా దానికంటే తక్కువే వస్తుంది, మైనస్ వస్తుంది, నా వాక్యం దాన్ని సున్నా చేస్తుంది. పాలెం గాలిని నేనే మెచ్చుకుని, నేనే కొలిచి, నేనే మూత పెట్టాను. వేటగాడి కూతుర్ని అయ్యుండి గాలి ఎటు వీస్తుందో ఒక్కరోజు ఆలోచించలేదు. నా చదువు తగలెయ్య.

"అప్పా, రేపొద్దున్న డాబా ఎక్కకు. అయిదింటికే పాలెం వాళ్ళందరూ గెడ్డకవతలకి పోండి. అక్కడికి ఆ గాలి రాదు."

"ఎందుకే?"

ఉన్నదున్నట్టు చెప్పాను. సున్నా అంటే ఏమిటో, రోజూ ఆరింటికి ఏం చేస్తామో, ఆమె ఏం పీల్చిందో. బెంజీన్ రక్తాన్ని దెబ్బతీస్తుందని, పరీక్షకి టౌన్లో ఆసుపత్రికి వెళ్ళాలని చెప్పాను. ఏడుపు వస్తోంది గానీ ఏడిస్తే ఆమె నన్ను ఓదారుస్తుందేమోనని భయమేసి ఆపుకున్నాను. ఆమె పొయ్యి వైపే చూస్తూ కూర్చుంది. నెత్తళ్ళు మాడి పొగ లేచింది. ఏ రోజూ నెత్తళ్ళు మాడ్చే మనిషి కాదు.

"ఎల్లు," అంది చివరికి. "తెల్లారి నీకు పనుంది గదా."

నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఎప్పుడూ వేసేది.

తెల్లారకముందే కొండ ఎక్కాను. అప్పటికే చయనులు గారు అక్కడున్నారు. స్నానం చేసి విబూది పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని సభకి సిద్ధంగా ఉన్నారు. తాళంచెవి తీసి, వంగి, తాళం తిప్పారు. యంత్రం ఎప్పటిలాగే సన్నగా మూలగడం మొదలెట్టింది.

"నిన్న మధ్యాహ్నం సముద్రం మీద పట్టిన గాలిని సున్నా చేసి, ఇప్పుడు పాలెం గాలిని కొడతాను సార్. చెయ్యాల్సింది అంతే."

"తెలుసమ్మా. నిన్ననే తెలిసింది. రాత్రి నిద్ర పట్టలేదు," అన్నారాయన. "కొట్టు."

దుర్భిణిలో కన్ను పెట్టాను. నీలం డ్రమ్ము ఉంది. తాడు మీద కోక ఒకటి సముద్రం వైపు ఎగురుతోంది. కొండగాలి. డాబా మీద ఎవరూ లేరు. రెండేళ్ళలో మొదటిసారి ఆరింటికి ఆ డాబా ఖాళీగా ఉంది. ఎక్కొద్దని చెప్పింది నేనే, అయినా ఆ చెయ్యి కోసం ఒకసారి వెతికాను. మీట నొక్కాను.

నలభై ఒకటి.

మా బోర్డు మీద ఎర్రగీత రెండు దగ్గర ఉంటుంది. రెండు దాటితే పిల్లల్ని బయటికి పంపొద్దని రాసి ఉంటుంది. నేను మళ్ళీ కొట్టాను. నలభై ఒకటి. మూడోసారి నలభై.

చయనులు గారు కుర్చీలో కూర్చున్నారు. ఆయన మొహం నేను చూడలేకపోయాను.

"ఇది బోర్డెక్కాలి సార్. ఇప్పుడే."

"చూడమ్మా. ఎనిమిది ఊళ్ళవాళ్ళు ఈ యంత్రం కావాలని రాశారు. ఒక్కసారి మనది తప్పు అన్నామంటే, ఆ తర్వాత నిజం చెప్పినా ఎవరూ వినరు. నాలుగు నెలలు టైమివ్వు. మెల్లిగా సున్నా మార్చుకుందాం. అంకె కొంచెం కొంచెంగా పెరుగుతుంది. ఫ్యాక్టరీవాళ్ళకి నేనే నోటీసు రాస్తాను. పనీ జరుగుతుంది, పరువూ దక్కుతుంది."

"నాలుగు నెలలు వాళ్ళు పీలుస్తారు."

"సంతకం నీదమ్మా రత్నం. సున్నా ఎంచింది నువ్వు. నీ పాలెంలో రేపు నువ్వు ఎలా తలెత్తుకుంటావ్?"

ఆయన బెదిరించడం లేదు. నిజంగానే నా గురించి దిగులుపడుతున్నారు. అదే నాకు ఎక్కువ మంటెత్తించింది. గదిలో మళ్ళీ నడవడం మొదలెట్టాను. ఎందుకంటే ఆ నాలుగు నెలల మాట ఒక్క క్షణం నాకూ తియ్యగా వినిపించింది. అది దాచి లాభం లేదు.

అప్పుడు తలుపు దగ్గర ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు వినిపించింది. అప్ప. కొండ మెట్లు నూట నలభై ఉన్నాయి. ఎక్కడెక్కడ కూర్చుని ఎక్కిందో గానీ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. చెప్పులు గుమ్మం బయటే విడిచింది.

"అప్పా! నువ్వెందుకొచ్చినావు?"

"పాలెపోళ్ళనందర్నీ గెడ్డకవతలకి తోలేసొచ్చినాను. ముసిలోళ్ళని కూడా. తిట్టినారు, అయినా ఎల్లినారు." చయనులు గారి వైపు చూసి దండం పెట్టింది. "ఈవాళ నాను సూత్తాను బాబూ. మా సెల్లి రోజూ సూసీదంట."

"కూర్చోమ్మా, ముందు కాస్త నీళ్ళు తాగు," అంటూ ఆయన లేచి కుర్చీ జరిపారు. ఆమె కూర్చోలేదు.

దుర్భిణి ఆమె ఎత్తుకి దించాను. అరచేత్తో ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.

"ఆ డ్రమ్ము నాదే. కోక నాదే. ఇంత దగ్గరగా కనబడతాదేటి?" అంది. "గాలేదీ మరి? కనబడదే?"

"గాలి కనబడదప్పా. అందుకేగా ఈ యంత్రం."

"నాను కనబడీదాన్నా?"

"కనబడీదానివి."

"సెయ్యెత్తితే?"

"ఎత్తిన సెయ్యి, నవ్విన నవ్వు, అన్నీ కనబడీవి."

ఆమె కన్ను తీసి నా వైపు తిరిగింది. కోపంగా లేదు. గంపలో చేపకి రేటు అడిగేటప్పుడు ఎలా అడుగుతుందో అలాగే అడిగింది.

"సెయ్యెత్తినాక తల పట్టుకుని ఆ డ్రమ్ము కాడ కూలబడిపోయేదాన్ని. ఈ సీతాకాలం అంతా అలగే. అదీ కనబడీదా?"

చయనులు గారు కిటికీ వైపు తిరిగిపోయారు.

"కనబడీదప్పా."

"మరి?"

ఆమె కూలబడినప్పుడల్లా టీ తాగకుండా ఎక్కి ఉంటుంది, నీరసం అనుకున్నాను. ఒకసారి ఫోన్ చేసి కాస్త తిని ఎక్కవే తల్లీ అని చెప్పాలనుకున్నాను కూడా. ఈలోగా తెర మీద సున్నా వచ్చేది. సున్నా చూసి ఊరుకునేదాన్ని. నా రెండు కళ్ళతో చూసింది నమ్మకుండా, నేనే నేర్పిన అంకెని నమ్మాను. ఇదంతా ఆమెకి తడబడుతూ చెప్పాను. చెప్తుంటే ఏడుపు ఆగలేదు. ఆమె ఓదార్చలేదు. కోక చెంగు నాకు ఇవ్వకుండా తన మొహమే తుడుచుకుంది.

"పదింటికి మీటింగన్నావు గదా," అంది. "ఆ అంకెలూ గీతలూ మాకు తెల్దు. ఇప్పుడు నాకు సెప్పినావు సూడు, ఆ మాట సెప్పు అక్కడ. దాని తరవాత నన్ను ఆసుపత్రికి తీస్కెల్దువు గాని."

చయనులు గారు కిటికీ దగ్గర నుంచి కదలకుండానే అన్నారు. "మీరిద్దరూ దిగండమ్మా. మెల్లిగా. బోర్డు సంగతి నేను చూసుకుంటాను."

చూసుకుంటాను అంటే ఏం చేస్తారని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. అప్ప చెయ్యి నా భుజం మీద వేయించుకుని నూట నలభై మెట్లూ దింపాను. మధ్యలో నాలుగుసార్లు కూర్చున్నాం. ఆమె బరువు నాకు కొత్తగా తోచింది, చాలా తక్కువగా ఉంది.

ఆటో బీచి రోడ్డు మలుపు తిరిగేసరికి జనం బోర్డు కింద గుమిగూడి ఉన్నారు. చాలామంది ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. రెండేళ్ళుగా ఆకుపచ్చగా వెలిగిన సున్నా చోట ఎర్రటి నలభై ఒకటి ఉంది. దాని కింద గెడ్డపాలెం అని, ఉదయం ఆరు గంటలు అని ఉంది. ఆ కిందే చిన్న అక్షరాలతో, నిన్నటి వరకూ ఇక్కడ చూపిన అంకెలు తప్పు అని ఉంది. ఆ వాక్యం ఆయనే కొట్టారు. నాకు ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

సభ ఫ్యాక్టరీ పక్క మైదానంలో, షామియానా కింద జరిగింది. వేదిక మీద నా పేరు రాసిన కుర్చీ ఒకటుంది. దానివైపు వెళ్ళలేదు. గెడ్డవతల నుంచి నడిచొచ్చిన పాలెం ఆడవాళ్ళ మధ్యలో, చాప మీద, అప్ప పక్కన కూర్చున్నాను. ఎవరో నా వైపు చూసి గుసగుసలాడారు. ఒకామె జరిగి చోటిచ్చింది గానీ నా మొహం చూడలేదు. కాగితం చదవాల్సిన చయనులు గారు ఇంకా కొండ మీదే ఉన్నారు, సంతకం నాది గనక కలెక్టరు గారు నన్ను పిలిచారు. లేచాను. చేతిలో అంకెల కాగితం ఉంది. మైకు దాకా నడిచేలోగా దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకున్నాను. ఎప్పుడూ నిలవని కాళ్ళని నిలబెట్టాను.

"నా పేరు సూరాడ నూకరత్నం. మాది గెడ్డపాలెం. మీరు బోర్డు మీద చూసే గాలి అంకె లెక్కకట్టేది నేనే. ఆ అంకె కంటే ముందు ఒక మాట చెప్పాలి. రోజూ పొద్దున్న ఆరింటికి మా అప్ప డాబా ఎక్కి నాకు చెయ్యెత్తేది. ఎత్తాక తల పట్టుకుని కూలబడిపోయేది. నేను చూశాను. చూసి, సున్నా అని రాశాను."